కాఫీ ఫిల్టరు కొనే ముందు

పోయిన సంవత్సరం మా సిబ్బందికి రక్తపరీక్షలు చేసినప్పుడు నా ఎల్.డి.ఎల్. కొలెస్ట్రాల్ 168 వచ్చింది. నూనె తక్కువే వాడతాను, మాంసం వారానికి ఒక్కసారే. మా ఫిజీషియన్ గారు రిపోర్టు చూసి, "సిస్టర్ గారూ, రోజుకు ఎన్ని కాఫీలు? ఏ ఫిల్టరుతో?" అని అడిగారు. ముప్పై ఏళ్లుగా ఎందరో రోగులకు పథ్యం చెప్పాను గాని, ఈ రెండో ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.

నైట్ డ్యూటీల కాలం నుంచి నాకు రోజుకు నాలుగు గ్లాసుల కాఫీ అలవాటు. అదీ మా అమ్మ ఇచ్చిన స్టీలు ఫిల్టరు డికాక్షనే.

తప్పు కెఫీన్‌ది కాదని ముందుగా గమనించండి. కాఫీ గింజలోని నూనెలో కెఫెస్టాల్, కావియోల్ అనే పదార్థాలు ఉంటాయి. కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి ఖర్చు చేస్తుంది కదా, ఆ పనిని కెఫెస్టాల్ మందగింపజేస్తుంది. అప్పుడు రక్తంలో ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. నార్వేలో పొడిని నీళ్లలో వేసి మరిగించి తాగే అలవాటు ఉండేది. అక్కడి ట్రామ్సో పట్టణంలో జరిగిన పరిశోధన, కాఫీ ఎక్కువ తాగేవారిలో కొలెస్ట్రాల్ ఎక్కువని 1983లో బయటపెట్టింది. కాగితంతో వడకడితే ఈ నూనె చాలావరకు కాగితంలోనే ఆగిపోతుందని తరువాత తెలిసింది. అదే దేశంలో 5 లక్షలకు పైగా మందిని సుమారు 20 ఏళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వడకట్టని కాఫీ తాగేవారికంటే కాగితంతో వడకట్టిన కాఫీ తాగేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. మన స్టీలు ఫిల్టరు పొడిని ఆపుతుంది గాని, నూనెను కాగితమంతగా ఆపలేదు.

కాగితం ఆలోచన ఒక గృహిణిది. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఆవిడ ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం అందులో పరచి కాఫీ వడకట్టారు. ఆవిడకు కొలెస్ట్రాల్ సంగతి తెలియదు. కప్పు అడుగున మడ్డి, చేదు పోతే చాలనుకున్నారు.

ఇప్పుడు బజారులో పోర్ ఓవర్ పేరుతో దొరికేవన్నీ ఆ గిన్నె వారసులే. గరాటు లాంటి దానిలో కాగితం, అందులో పొడి, పైనుంచి వేడినీళ్లు. జపానువారి హారియో వి60కి అడుగున ఒకటే పెద్ద చిల్లు. నీళ్లు ఎంత వేగంగా పోస్తే అంత వేగంగా దిగిపోతాయి, అందుచేత చేయి కుదరడానికి వారం పడుతుంది. మెలిట్టా తరహా గరాటుకు చిల్లు చిన్నది. నీళ్లు నిదానంగా దిగుతాయి, కొత్తవారికి అదే మేలు. కలిటా వేవ్ అడుగు చదునుగా, మూడు చిల్లులతో ఉంటుంది. కెమెక్స్ అనే గాజు పాత్ర 1941 నాటిది. దాని కాగితం మందం, కాఫీ తేటగా దిగుతుంది, కాని నాలాగా హడావిడిగా గిన్నెలు తోమేవారి చేతిలో గాజు ఎన్నాళ్లుంటుంది? నేను ప్లాస్టిక్‌దే కొన్నాను. చవక, పగలదు, నీళ్ల వేడినీ లాగేయదు.

ఆరోగ్యం మాటకు వస్తే గరాటు ఆకారం ముఖ్యం కాదు, కాగితమే ముఖ్యం. కాబట్టి ముందు కాగితం మీకు ఎప్పుడూ దొరుకుతుందో లేదో చూసి, ఆ తరువాతే గరాటు కొనండి. ఒకదాని కాగితం మరొకదానికి సరిగ్గా కూర్చోదు. వి60లో 01 సైజు ఒకటి రెండు కప్పులకు, 02 నాలుగు కప్పుల వరకు సరిపోతుంది. తెలుపైనా గోధుమరంగైనా ఫరవాలేదు. ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోస్తే కాగితం వాసన పోతుంది. కాగితం ఖర్చు ఉండదని స్టీలు జాలీ గరాటు అంటగడతారు. కొలెస్ట్రాల్ కోసం మారేవారు దాన్ని కొంటే వచ్చే లాభం లేదు. గుడ్డ నూనెను బాగానే ఆపుతుంది గాని, రోజూ ఉతికి, మరిగించి, తడిగా ఫ్రిజ్‌లో దాచాలి. ఎన్ని ఇళ్లలో జరిగే పని?

చికోరీ ఎక్కువ కలిసిన మెత్తని పొడి కాగితాన్ని పట్టేసి నీళ్లు దిగనివ్వదు. చికోరీ లేని పొడిని ఉప్మా రవ్వంత బరకగా పట్టించుకోండి. మన అరకు అరబికా దీనికి బాగుంటుంది. అరబికాలో కెఫెస్టాల్ రోబస్టాకంటే ఎక్కువ కనుక కాగితం అవసరమూ ఎక్కువే. బ్లాక్ కాఫీకి 15 గ్రాముల పొడి, 250 మి.లీ. నీళ్లు. పాలు కలిపేవారు 20 గ్రాములకు 150 మి.లీ. పోయండి. మొదట పొడి తడిసేటన్ని పోసి అర నిమిషం ఆగండి. మొత్తం మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోవాలి. అమ్మ డికాక్షన్ చిక్కదనం రాదు, ఆ మాట నిజం చెప్పాలి.

సన్నని గ్లాసు మీద గరాటు నిలబెట్టకండి. సలసల కాగే నీళ్లతో అది ఒరిగితే ఏమవుతుందో కాలినగాయాల వార్డులో పనిచేసినవారికి తెలుసు. వెడల్పాటి కప్పు వాడండి, గట్టు అంచున కాకుండా లోపలికి పెట్టండి, పసిపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. మా ఓ.పి.కి వచ్చే ఒక రిటైర్డు మాస్టారు నా మాట విని కాగితం ఫిల్టరుకు మారారు. బాగానే ఉంది. అయితే కొలెస్ట్రాల్ మాత్రతో ఇక పని లేదని ఎవరికీ చెప్పకుండా మానేశారు. నాలుగు నెలలకు ఛాతీ నొప్పితో వచ్చారు, దేవుని దయవల్ల సమయానికి వచ్చారు. నేను ఫిల్టరు గురించి చెప్పినరోజే మాత్ర గురించి కూడా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఎవరికైనా కాగితం గురించి చెప్పేముందు, "మాత్ర మానవద్దు, డాక్టరు గారు చెబితేనే" అంటున్నాను.

నా ఎల్.డి.ఎల్. మూడు నెలల తరువాత 149కి వచ్చింది. అయితే నాలుగు కాఫీలు రెండయ్యాయి, సాయంత్రం నడక మొదలుపెట్టాను, కాబట్టి అందులో కాగితం వాటా ఎంతో నేను చెప్పలేను. వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది. అమ్మ ఫిల్టరు మాత్రం అటక ఎక్కలేదు. మా చెల్లెలు వచ్చిన ఆదివారం దాన్నే దించుతాను.