చుక్కలను చూచి దిక్కెఱుంగు యంత్రము

మాపటివేళ నందివాడ చెఱువుగట్టున నిలిచి చూడుడు. నీటిలోని చుక్కలు చిఱుగాలికే చెదరిపోవును. తలయెత్తిన నవి యున్నచోటనే యుండును. గడియారములు లేని కాలమున మన యవ్వలకు పిల్లలకోడి ప్రొద్దు తెలిపినది, ధ్రువుడు దిక్కు తెలిపినాడు. ఆ విద్యనే ఆకాశమునకు పంపిన దుర్భిణులును నేర్చినవన్న సోదరీమణులకు వింతగా దోపకమానదు.

1990లో అమెరికావారు హబుల్ దుర్భిణిని పంపిరి. 2015 సెప్టెంబరు 28వ తేదీని మన శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ వెడలి, భూమికి సుమారు 650 కిలోమీటర్ల యెత్తున తిరుగసాగెను. బరువు 1,500 కిలోలకు పైమాట. అంత భారమును శూన్యమున కదలక నిలుపుటెట్లు? అచట పట్టుకొనుటకు స్తంభమా, ఆనుకొనుటకు గోడయా?

అందులకే స్టార్ సెన్సారు. ఇది చిన్న కెమెరా. ఎండ సోకకుండ మనము నుదుట చేయి యడ్డము పెట్టుకొనునట్లు, సూర్యుని వెలుగు పడకుండ దీనికొక గొట్టము తొడుగుదురు. ఎదుటనున్న చుక్కలను చిత్రించి, వాని నడిమి యెడములను కొలిచి, తనలో దాచియున్న నక్షత్రపట్టికతో సరిచూచుకొనును. ఏ చుక్కలో తెలిసినవెంటనే తానెటు మొగమై యున్నదియు తెలియును. పిమ్మట లోపలి చక్రములు తిరుగును. చక్రమొకవైపు తిరిగిన ఉపగ్రహము రెండవవైపు మఱలును.

ఎంత సూక్ష్మముగా నిలువవలయును? పంచాంగములవారు డిగ్రీని 3,600 వికలలుగా విభజింతురు. కిలోమీటరు దూరమున నుంచిన మినపగింజ మన కంటికి సుమారొక వికల. హబుల్ 0.007 వికలకు మించి చలింపకుండ నిలుచునట్లు కట్టిరి. అనగా ఆ గింజనే 140 కిలోమీటర్ల యవ్వల నుంచి గుఱిపెట్టుటన్నమాట!

ఆస్ట్రోశాట్ కొంచెము కదలును. కాని దాని అతినీలలోహిత దుర్భిణిలో నొక చక్కని యుపాయము కలదు. మామూలు వెలుగును చూచు భాగము చుక్కలెంత జరిగినవో వ్రాసిపెట్టుచుండగా, తక్కిన భాగము ఒక్కొక్క వెలుగుకణము ఎప్పుడు, ఎచట పడినదో వ్రాసికొనును. ఆ జరుగుబాటును లెక్కకట్టి యిచట కణములను వాని తావులకు చేర్తురు. పటము చెదరదు. ఇది నాకు హబుల్ నిలుకడకంటెను ముచ్చటగా నున్నది.

లెక్క తప్పెనా, ప్రమాదమే. జపానువారి హిటోమి 2016 ఫిబ్రవరి 17న వెడలెను. మార్చి 26న, నక్షత్రముల సాక్ష్యమందక, తిరుగుడును కొలుచు మఱియొక సాధనము చెప్పిన తప్పుమాటనే నమ్మినది. లేని తిరుగుడును ఆపబోయి తానే తిరుగనారంభించెను. సరిదిద్దవలసిన చిన్న రాకెట్లకును తప్పు సంఖ్యలే యిచ్చియుండిరి. వేగము హెచ్చి, సూర్యశక్తి పలకలు విఱిగిపోయెను. ఏప్రిల్ 28న జపానువారు దానిపై నాశ వదలుకొనిరి. ఏడేండ్లు గడచిన పిమ్మట, 2023 సెప్టెంబరు 7న, ఆ పనికే క్రిజమ్ అను వేఱొక దుర్భిణిని పంపిరి.