ఇరుగుపొరుగు కౌంటీల జట్టు చదరంగము



సాయంకాలమున రచ్చబండమీద చదరంగపు గుడ్డ పఱచినప్పుడు జరుగునది మీరెఱుగనిది కాదు. ఆడెడివారు ఇద్దరు; చుట్టును జేరి చెప్పెడివారు పదిమంది. గుఱ్ఱమును దీయుమని యొకరు, ఏనుగు పోవుచున్నది చూచుకొమ్మని మఱియొకరు. తుదకు గెలిచినచో ఆ గెలుపు పదిమందిదియు నగును. ఓడినచో ఆ ఓటమి కూర్చున్నవాని యొక్కనిదే యగును. నేడు నేను చెప్పబోవునది దీనికి సరిగా నెదురైన పద్ధతి. అందు పదునాఱుగురు ఒక జట్టుగా నాడుదురు. కాని యొకరి కొకరు ఒక్క ఎత్తైనను చెప్పుకొనరాదు. గెలుపోటములు మాత్రము అందఱివియు నగును. ఇంగ్లండు దేశమున ఇరుగుపొరుగు కౌంటీలవారు ఆడుకొను జట్టు చదరంగము ఇట్టిది.

కౌంటీ యనగా స్థూలముగా మన జిల్లావంటిది. ఉత్తర ఇంగ్లండున లాంకషైరు, యార్కుషైరు అను రెండు కౌంటీలు కలవు. రెంటి నడుమ పెనైన్ అను కొండల వరుస యున్నది. పడమటనున్న లాంకషైరు ఒకప్పుడు నూలు మిల్లులకు పేరుపొందినది. తూర్పుననున్న యార్కుషైరు ఉన్నిబట్టలకు పేరుపొందినది. 1455వ సంవత్సరము మొదలుకొని సుమారు ముప్పది యేండ్లు లాంకాస్టరు, యార్కు అను రెండు రాజవంశములవారు సింహాసనముకొఱకు పోరాడిరి. మొదటి వంశమునకు ఎఱ్ఱ గులాబియు, రెండవదానికి తెల్ల గులాబియు గుర్తులుగా నిలిచినవి. కావున వానికి గులాబీల యుద్ధములని పేరు వచ్చినది. ఆ కత్తులు త్రుప్పుపట్టి ఐదువందల యేండ్లయినను గులాబీలు మాత్రము వాడలేదు. నేడు ఆ కౌంటీలవారి పంతము క్రికెట్టు మైదానమునందును, చదరంగపు బల్లయొద్దను తీఱుచున్నది.

ఇట్టి పోటీలలో గూర్చుండువారిలో చాలమంది ఆటచే బ్రతుకువారు కారు. బడిపంతులు, గుమాస్తా, వైద్యుడు, పింఛను పుచ్చుకొను వృద్ధుడు, పాఠశాలకు బోవు బాలుడు—ఇట్టివారే. వారమంతయు తమ పనులు చూచుకొని, సామాన్యముగా శనివారమున ఒక సత్రమువంటి చావడిలో చేరుదురు. పొడవైన బల్లలమీద పదునాఱు చదరంగములు వరుసగా నమర్పబడును. ఇటు ఒక కౌంటీవారు, అటు రెండవ కౌంటీవారు.

కూర్చుండుటకు క్రమము కలదు. జట్టులో మిక్కిలి బలవంతుడు 1వ బల్లయొద్దను, అతని తరువాతివాడు 2వ బల్లయొద్దను, ఇట్లే చివరివఱకును కూర్చుండవలెను. బలవంతుని దెచ్చి చివర దాచి, ఎదుటి పక్షపు బలహీనునిమీదికి త్రోలుట తగదు. ప్రతి యాటగాని బలమునకును అతని పూర్వపు గెలుపోటములనుబట్టి యొక సంఖ్య లెక్కగట్టబడి యుండును; కావున ఇట్టి యెత్తుగడలు దాగవు. తెల్లకాయలవాడు ముందుగా నాడును గదా. అది కొంత లాభము. అందుచే 1వ బల్లపై ఒక పక్షమునకు తెల్లకాయలు వచ్చినచో, 2వ బల్లపై రెండవ పక్షమునకు వచ్చును. ఇట్లు బల్ల విడిచి బల్ల మాఱుచుండును.

ప్రతి బల్లయొద్దను జంట గడియారము కలదు. ఒక్కొక్కరికి ఇంత కాలమని నియమింతురు. నా ఎత్తు ముగించి మీట నొక్కగానే నా గడియారము నిలిచి, ఎదుటివానిది నడచును. కాలము మీఱినవాడు, కాయలెన్ని యున్నను, ఓడినట్లే. ఈ యుపాయము మొదట 1883లో లండను నగరమున జరిగిన పెద్ద పోటీలో వాడుకకు వచ్చినది. దానిని కల్పించినవాడు లాంకషైరు సీమలోని మాంచెస్టరు పట్టణపు ఆటగాడు థామస్ బ్రైట్ విల్సన్. నాడది రెండు గడియారములను తక్కెడవలె ఒక దూలముపై నిలిపిన యంత్రము. ఒకవైపు వంచినచో ఆ గడియారము నిలుచును, రెండవది నడచును. గంటల తరబడి మీసము దువ్వుచు ఎదుటివానిని విసిగించి గెలుచు విద్య దానితో నంతరించినది.

మఱి రెండు కట్టుబాట్లు. ముట్టిన కాయనే కదపవలెను. చేయివిడిచిన ఎత్తును వెనుకకు దీసికొనరాదు. ఆడిన ప్రతి ఎత్తును ఎవరి కాగితముపై వారు వ్రాసికొనవలెను. కావున తగవు వచ్చినచో సాక్షులను బిలువ నక్కఱలేదు, కాగితమే సాక్షి. ఇప్పటి దినములలో చేతి ఫోనుమీద కూడ నిషేధము కలదు. ఏలయన, ఎంతటి మేటి యాటగానినైనను మించు యంత్రము నేడు జేబులో నిముడుచున్నది.

ఇక లెక్క. గెలిచినవానికి 1 పాయింటు, ఓడినవానికి సున్న. ఎవరును గెలువక ఆట సరిపోయినచో దానిని డ్రా యందురు; అప్పుడు చెరి అరపాయింటు. పదునాఱు బల్లల లెక్కను కూడినచో పోటీ ఫలము వచ్చును. ఎనిమిదిన్నర వచ్చిన పక్షము గెలిచినట్లు. ఇందొక విశేషమును గమనింపుడు. 1వ బల్లపై మేటి వీరుడు తెచ్చిన పాయింటును, 16వ బల్లపై పదునాలుగేండ్ల బాలుడు తెచ్చిన పాయింటును లెక్కలో ఒక్కటే.

జట్టు చదరంగము యొక్క కష్టమంతయు ఈ లెక్కలోనే యున్నది. ఒక యుదాహరణము ఊహింతము. పదునైదు ఆటలు ముగిసినవి. మన పక్షమునకు 8, ఎదుటివారికి 7. చివరి బల్లయొద్ద మనవాని ఆట బాగుగా నున్నది. ఇంకొక గంట యాడినచో గెలుచునేమో. ఎదుటివాడు డ్రా చేసికొందమని యడుగుచున్నాడు. ఒప్పుకొన్నచో మన లెక్క ఎనిమిదిన్నర; జట్టు గెలిచినది. ఒప్పుకొనక యాడి, పొరపాటున నోడినచో 8కి 8. అతనికి తన గెలుపుపై నాస యుండుట సహజమే. కాని తన యాసను మ్రింగి అరపాయింటు పుచ్చుకొనుటయే అచట ధర్మము.

లెక్కను త్రిప్పి చూతము. మనకు 7, ఎదుటివారికి 8. చివరి బల్లపై ఆట సరిసమానముగా నున్నది. ఎదుటివాడు డ్రా యడుగుచున్నాడు. ఒంటరిగా నాడినచో సంతోషముగా నొప్పుకొనదగినదే. కాని యిపుడు అరపాయింటుతో జట్టు ఓడును. కావున అతడు తల యడ్డించి, ఓటమికి సిద్ధపడి, గెలుపుకొఱకు ఆడవలెను. ఒకే స్థితి, ఒకే కాయలు. కాని పదునైదుగురు తోడివారినిబట్టి సరియైన ఎత్తు మాఱినది.

ఇట్టి సమయమున ఆటగాడు తన నాయకుని, "డ్రా పుచ్చుకొందునా?" అని యడుగవచ్చును. నాయకుడు పోటీ లెక్కనుబట్టి పుచ్చుకొమ్మనియో, ఆడుమనియో చెప్పవచ్చును. కాని బల్లమీది ఆటనుగూర్చి మంచిదనికాని చెడ్డదనికాని ఒక్క మాటయు అనరాదు. కనుబొమ్మ యెగురవేయుటయు తప్పే.

రెండు పక్షములును సమానమైనచో నేమి చేయుదురు? విజేతను నిర్ణయింపక తప్పనిచోట పైబల్లల గెలుపునకు విలువ నిత్తురు. గెలిచిన బల్లల సంఖ్యలను కూడుదురు. తక్కువ మొత్తము వచ్చినవారు గెలిచినట్లు. నాలుగు బల్లల పోటీలో ఒకరు 1, 3 బల్లలు గెలిచిరి, మొత్తము 4. రెండవవారు 2, 4 గెలిచిరి, మొత్తము 6. కావున మొదటివారిదే జయము. ఒకవేళ ఒకరు 1, 4 బల్లలును, రెండవవారు 2, 3 బల్లలును గెలిచినచో ఇరువురికిని మొత్తము 5. అప్పుడు చివరి బల్లను లెక్కనుండి తీసివేయుదురు. నాలుగవ బల్ల పోగా మొదటివారికి 1, రెండవవారికి 2. గెలుపు రెండవవారిది.

పూర్వమొక చిక్కు కూడ నుండెడిది. దూరమునుండి వచ్చినవారు సాయంకాలపు రైలు నందుకొనవలెను. ఆటలు ముగిసెడివి కావు. అప్పుడు కాయలున్న తీరును కాగితముపై వ్రాసి, ఒక నిపుణునియొద్దకు బంపి, ఎవరు గెలువవలసినదో తీర్పు చెప్పించెడివారు. తీర్పు వచ్చువఱకు జట్టు గెలిచినదో లేదో తెలియదు. తాను చెమటోడ్చి నిలిపిన ఆటను మూడవవాడు ముగించుట ఆటగానికి ఎంతటి వెలితియో యూహింపుడు. నేటి గడియారముల నియమములవలన ఆట నాడే ముగియును. ఆ తీర్పులతో పని లేకపోయినది.

ఆ దేశమున 1904లో బ్రిటిషు చదరంగ సమాఖ్య యేర్పడినది. దాని వారసత్వముగా నేడు ఇంగ్లీషు చదరంగ సమాఖ్య కౌంటీల పోటీలను నడపుచున్నది. మొదట ఆయా ప్రాంతములలోని కౌంటీలు తమలో నాడుకొనును. అందు నెగ్గినవి దేశపు పోటీకి వచ్చును. తక్కువ బలము గలవారికి వేఱు తరగతులు కలవు. ఇది గొప్ప మేలు. మేటివాడు కానివానికిని తన సీమ పేరున గూర్చుండు భాగ్యము దానివలన గలుగుచున్నది.

ఈ జట్టు పోటీలకు మనవారికిని సంబంధము కలదు. నాటి పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మన దేశపు పద్ధతిలో, అనగా బంటు మొదటి ఎత్తునందును ఒక్క గడియే కదలు పద్ధతిలో, ఆట నేర్చినవాడు. అతడు సీమకు బోయి, అచటి నియమములు నేర్చి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతగా నిలిచెను. దేశముల నడుమ జరుగు ఒలింపియాడు పోటీలలో ఇంగ్లండు జట్టుకు 1వ బల్లయొద్ద కూర్చుండెను. ఆ ఒలింపియాడునందే 2024లో బుడాపెస్టు నగరమున మన దేశపు రెండు జట్లును ప్రథమస్థానము పొందినవి. వానిలో మన తెలుగు బిడ్డలు అర్జున్ ఎరిగైసి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక యుండిరి. అచట కూర్చుండునది నలుగురే. కాని నియమము కౌంటీలదే, ఒకరి పాయింటు అందఱిది.

పెద్దలారా! ఇరుగుపొరుగు గ్రామముల నడుమ చెఱువు నీటికనియో, పొలపు గట్టునకనియో మాటలు పెరుగుట మనకు క్రొత్త కాదు. పంతము మనుష్యులలో నుండకపోదు. దానికి కూర్చుండుటకొక పీట వేయుటయే తెలివి. ఎనిమిది చదరంగములు, ఎనిమిది చాపలు చాలును. గడియారములు లేకున్న చేతి గడియారముతో సర్దుకొనవచ్చును. బలమునుబట్టి వరుస కూర్చి, చివరి బల్లయొద్ద బడి బాలునికి చోటిండు. చుట్టును నిలిచినవారు నోరు మెదపరాదని ముందే కట్టడి చేయుడు. ఇది యన్నిటికంటె కష్టము! కాని యొక్క సాయంకాలము దానిని పాటించినచో, చివరి చాపమీది బాలుని అరపాయింటుకొఱకు ఊరంతయు ఊపిరి బిగబట్టుట మీరు చూడగలరు. ఆట ముగిసినపిమ్మట రెండూళ్లవారును ఒక్క పంక్తిని భోజనమునకు గూర్చుండిన, ఆ పోటీ ఫలించినట్లే.