ఎనిమిది కాళ్ల ట్రిపుల్ ఫైవ్

మోటారు వేసి మర్చిపోయే ఇళ్లలో, ట్యాంకు నిండగానే కూత పెట్టే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. బజార్లో కొన్నది కావచ్చు, ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న కుర్రాడు పాత సబ్బుపెట్టెలో అమర్చింది కావచ్చు. మూత తీస్తే చాలాసార్లు కనిపించేది ఎనిమిది కాళ్ల నల్లటి చిప్పు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ‘ట్రిపుల్ ఫైవ్’ అంటే చాలు, చేతిలో పెడతారు. యాభై ఏళ్లు దాటినా ఆ చిప్పుకు గిరాకీ తగ్గలేదు. సెల్‌ఫోన్లు ఎన్ని తరాలు మారినా ఇది మాత్రం అలాగే ఉంది.

దాన్ని గీసినవాడు హాన్స్ కామెంజిండ్. 1934లో జ్యూరిక్‌లో పుట్టి, 1960లో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలోని సిగ్నెటిక్స్ కంపెనీలో చేరాడు. 1970లో మాంద్యం దెబ్బకు కంపెనీ చాలామందిని ఇంటికి పంపింది. కామెంజిండ్ తనే ఉద్యోగం వదిలి, అదే కంపెనీకి కాంట్రాక్టు మీద ఒక టైమర్ చిప్పు చేసిస్తానన్నాడు. లోపలి ఇంజనీర్లు పెదవి విరిచారు. ఉన్న విడిభాగాలతోనే ఎవరైనా టైమర్ కట్టుకోగలిగినప్పుడు దీన్ని ఎవరు కొంటారని వాళ్ల వాదన. మార్కెటింగ్ చూసే ఆర్ట్ ఫ్యూరీ మాత్రం కొంటారన్నాడు. ఇంజనీర్ల కంటే అమ్మేవాడికే ముందుచూపు ఎక్కువని తేలిన సందర్భాల్లో ఇదొకటి.

1971 వేసవిలో మొదటి డిజైన్ సమీక్షకు వచ్చింది. పాస్ అయింది కూడా. కానీ అందులో కెపాసిటర్‌ను ఛార్జ్ చేయడానికి, ఎప్పుడూ ఒకే మోతాదులో కరెంట్ ఇచ్చే భాగం ఒకటి పెట్టాడు. దానివల్ల కాళ్లు తొమ్మిదయ్యాయి. అప్పట్లో ఎనిమిది కాళ్ల తర్వాత సైజు పద్నాలుగే. ఒక్క కాలి కోసం పెద్ద ఒళ్లు, పెద్ద ధర. కొద్దిరోజులకు ఆయనకు తట్టింది: ఆ భాగం అక్కర్లేదు, బయట ఒక మామూలు రెసిస్టర్ చాలు. తొమ్మిదో కాలు పోయింది. సమీక్షలో కూర్చున్న ఒక ఇంజనీర్ ఈలోగా వేరే కంపెనీ పెట్టి, తొమ్మిది కాళ్ల పాత డిజైన్‌నే ముందుగా మార్కెట్లోకి తెచ్చాడు. అసలుది రాగానే దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

ఇదంతా కంప్యూటర్ సాయం లేకుండానే జరిగింది. సర్క్యూట్‌ను విడి భాగాలతో బల్ల మీద కట్టి, మీటరుతో కొలిచి, ఆపైన చిప్పు పటాన్ని రూబీలిత్ అనే ఎర్రటి పొర మీద కత్తితో కోశాడు. లోపల ఉన్నవి పాతిక దాకా ట్రాన్సిస్టర్లు, రెండు డయోడ్లు, పదిహేను దాకా రెసిస్టర్లు. చిప్పు 1972లో మార్కెట్లోకి వచ్చింది. పేటెంట్ తీసుకోలేదు. దాంతో పది పన్నెండు కంపెనీలు వెంటనే తయారీకి దిగాయి. ఇక పేరు సంగతి. లోపలున్న మూడు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల వల్లే 555 అయిందని పాఠాల్లో చెబుతుంటారు. ఆ నంబరును ఫ్యూరీ ఊరికే ఎంచుకున్నాడని కామెంజిండే చెప్పాడు.

పేరు పెట్టింది ఆ మూడు రెసిస్టర్లు కాకపోయినా, చిప్పు ప్రాణం మాత్రం వాటిలోనే ఉంది. వచ్చే వోల్టేజీని అవి మూడు సమాన వాటాలు చేస్తాయి. బయటి కెపాసిటర్ రెసిస్టర్ గుండా నిండుతూ మూడింట రెండు వంతులకు చేరగానే, చిప్పు ఏడో కాలు తెరిచి దాన్ని ఖాళీ చేస్తుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మళ్లీ నిండనిస్తుంది. 9 వోల్టులిస్తే ఈ రెండు హద్దు గీతలు 3, 6 దగ్గర పడతాయి. 12 ఇస్తే 4, 8 దగ్గర. వోల్టేజీ పెరిగితే కెపాసిటర్ వేగంగా నిండుతుంది, గీతలూ అంతే పైకి జరుగుతాయి. అందుకే పట్టే సమయం మారదు. అరిగిన బ్యాటరీ పెట్టినా, ఎక్కడిదో పాత అడాప్టర్ తగిలించినా, 4.5 నుంచి 16 వోల్టుల మధ్య ఉన్నంతవరకు లెక్క తప్పదు. ఇళ్లలో ఇన్నాళ్లు నిలబడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఒక్కసారి మోగి ఆగే టైమర్‌కి సూత్రం ఒకటే: రెసిస్టర్ విలువను కెపాసిటర్ విలువతో, ఆ వచ్చినదాన్ని 1.1తో గుణించాలి. 1 మెగా ఓమ్, 100 మైక్రోఫారడ్లు పెడితే 110 సెకన్లు. కాగితం మీద మాత్రమే! ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ రాసిన విలువకు 20 శాతం అటూఇటూ ఉండటం మామూలే, పైగా కరెంట్ లోలోపల కారుతుంది. గంటల తరబడి టైమింగ్ కావాలంటే ట్రిపుల్ ఫైవ్‌ను నమ్ముకోకూడదు.

దీనికో చెడ్డ అలవాటూ ఉంది. అవుట్‌పుట్ పైకీ కిందికీ మారే క్షణంలో పై ట్రాన్సిస్టరూ కింది ట్రాన్సిస్టరూ రెప్పపాటు కలిసి తెరుచుకుని, సప్లై నుంచి కరెంట్‌ను ఒక్క గుటకలో లాగేస్తాయి. పక్కనున్న చిప్పులు తికమకపడతాయి. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య, ఒంటికి ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి వేస్తే చాలావరకు తగ్గుతుంది. వాడని అయిదో కాలి నుంచి గ్రౌండ్‌కు 0.01 మైక్రోఫారడ్‌ది వేయడం కూడా మంచిదే. చాలామంది ఈ రెండూ మానేసి, సర్క్యూట్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని తల పట్టుకుంటారు.

ట్యాంకు అలారం చెడితే తప్పు చిప్పుది కావడం అరుదు. ముందు నీళ్లలో వేలాడే తీగలు చూడాలి. వాటి మధ్య డీసీ కరెంట్ పారుతుంది కాబట్టి, ప్లస్ వైపు రాగి తీగ కరిగి పచ్చగా చిలుమెక్కుతుంది. బోరు నీళ్లయితే సున్నం పేరుకుంటుంది. రాగి తీసేసి రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడితే చాలాకాలం నడుస్తుంది. నీళ్ల గుండా వచ్చే కరెంట్ చాలా తక్కువ. దాన్ని నేరుగా చిప్పుకివ్వకుండా ముందు బీసీ 547 లాంటి ట్రాన్సిస్టర్ బేస్‌కివ్వాలి. ట్రిపుల్ ఫైవ్‌కు సప్లై ఆ ట్రాన్సిస్టర్ ద్వారా వెళ్తే, నీళ్లు తగిలినప్పుడే అది మేల్కొంటుంది. మిగతా వేళల్లో బ్యాటరీ ఖర్చు దాదాపు ఉండదు.

ఇప్పుడు ప్రోగ్రామ్ రాసి నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డులు కూడా చవకే. నీటి మట్టం ఫోన్‌లో చూసుకోవాలంటే అవే సరైనవి. నిండింది అని అరిస్తే చాలనుకునే ఇంటికి అంత హంగామా ఎందుకో నాకర్థం కాదు. ట్రిపుల్ ఫైవ్‌లోనే వేరే రకాలూ ఉన్నాయి. కామెంజిండ్ 2012లో చనిపోయాడు. అంతకుముందే 0.9 వోల్టు దాకా పనిచేసే కొత్త రకం ట్రిపుల్ ఫైవ్‌ను జెటెక్స్ అనే కంపెనీ కోసం ఆయనే గీశాడు. అది మన షాపుల్లో అంతగా దొరకదు. బ్యాటరీతో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పనికైతే తక్కువ కరెంట్‌తో నడిచే సీమాస్ రకం, అంటే 7555 గానీ టీఎల్‌సీ 555 గానీ అడగండి. మామూలుది ఊరికే కూర్చుని కూడా కొన్ని మిల్లీ ఆంపియర్లు తింటుంది. కాకపోతే సీమాస్ రకంతో పెద్ద రిలేను నేరుగా లాగించలేం, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టుకోవాలి.