చైనా మట్టి.. ముస్లింల నీలం

తెల్లటి పళ్లెం, దానిపై నీలి పూలు, లతలు. పండుగకో, దావత్‌కో మాత్రమే అల్మరాలోంచి బయటికి వచ్చే ఇలాంటి పళ్లేలు మన ఇళ్లలో చాలా చోట్ల కనిపిస్తాయి. ఉర్దూలో వీటిని ‘చీనీ’ అంటాం. తెలుగులో ‘పింగాణీ’ అంటాం. చీనీ అంటే చైనాది అని అర్థం. పింగాణీ మాత్రం ఫారసీ నుంచి వచ్చిన మాట. ఆ భాషలో ‘పింగాన్’ అంటే గిన్నె. ఒకే వస్తువుకు చైనా పేరూ, ఫారసీ పేరూ ఉండటం యాదృచ్ఛికం కాదు. నీలి-తెలుపు పింగాణీని రెండు నాగరికతలు కలిసి తయారు చేశాయి.

బస్రా కుమ్మరుల ప్రయత్నం

బంగారు, వెండి పాత్రల్లో తినడాన్ని, తాగడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. ముస్లిం దేశాల్లో మేలైన మట్టి పాత్రకు అంతటి ఆదరణ రావడానికి ఇది కూడా ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. 9వ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల కాలంలో, చైనా నుంచి తెల్లటి పాత్రలు ఇరాక్‌కు వచ్చేవి. వాటిని చూసి బస్రా కుమ్మరులు ముచ్చటపడ్డారు. కానీ వారి దగ్గర అంత తెల్లటి మట్టి లేదు. అందుకని మామూలు మట్టి పాత్రకే తగరం కలిపిన తెల్లని పూత పూసి, దానిపై కోబాల్ట్ అనే ఖనిజంతో నీలి బొమ్మలు గీశారు.

ఆ కాలపు వర్తకానికి సముద్రమే సాక్ష్యం చెప్పింది. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర మునిగిపోయిన పాత ఓడ ఒకటి బయటపడింది. పలకలను మేకులతో కాక తాళ్లతో కుట్టి కట్టిన అరబ్ తరహా ఓడ అది. అందులో దాదాపు 60 వేల చైనా పాత్రలున్నాయి. ఒక గిన్నెపై 826వ సంవత్సరానికి సరిపోయే తేదీ ఉంది. అన్ని వేల పాత్రల మధ్య నీలి-తెలుపు పళ్లేలు మూడంటే మూడే దొరికాయి. చెక్కుచెదరకుండా దొరికిన ఆ తరహా చైనా పళ్లేల్లో అతి పాతవి ఇవే.

సులైమానీ రాయి

ఆ కళ పూర్తిగా వికసించడానికి మరో 500 ఏళ్లు పట్టింది. 14వ శతాబ్దంలో చైనానూ, ఇరాన్‌నూ మంగోలు వంశాలే పాలించాయి. దారులు తెరుచుకున్నాయి. చైనాలోని జింగ్‌డెజెన్ పట్టణంలో తెల్లటి మట్టి ఉంది, దాదాపు 1,300 డిగ్రీల వేడి పుట్టించే బట్టీలున్నాయి. కావలసిన నీలం ఇరాన్ నుంచి వెళ్లింది. కాషాన్ దగ్గరి ఖమ్సర్ గ్రామంలో దొరికే ఈ రాయిని పనివారు ‘సులైమానీ’ అంటారని, కుమ్మరి కుటుంబానికి చెందిన అబుల్ ఖాసిం కాషానీ 1301లోనే రాశాడు. తర్వాతి కాలంలో చైనా వారు దిగుమతి కోబాల్ట్‌ను ‘ముస్లింల నీలం’ అని పిలిచారు.

జింగ్‌డెజెన్ పనివారు ముందు పచ్చి పాత్రపై కోబాల్ట్‌తో బొమ్మ గీసేవారు. దానిపై పారదర్శకమైన పూత పూసి బట్టీలో పెట్టేవారు. నీలం ఆ పూత కింద భద్రంగా ఉండిపోయేది. అందుకే ఎన్ని వందల ఏళ్లు కడిగినా ఆ రంగు చెరగదు.

కొనేవారిలో పశ్చిమాసియా ముస్లింలు ముఖ్యులు. చైనాలో ఒక్కొక్కరు చిన్న గిన్నెలో తినేవారు. మన సంప్రదాయంలో దస్తర్‌ఖాన్ పరిచి, నలుగురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు. ఆ భోజనానికి తగ్గట్టు జింగ్‌డెజెన్‌లో పెద్ద పెద్ద పళ్లేలు తయారయ్యాయి. 16వ శతాబ్దం తొలి రోజుల్లో, జెంగ్‌డె చక్రవర్తి కాలంలో (1506-1521), కలం స్టాండ్లపైనా, పెట్టెలపైనా అరబీ, ఫారసీ రాతలు కూడా వచ్చాయి.

షా వదులుకున్న సొత్తు

ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్యాలెస్‌లో 10 వేలకు పైగా చైనా పాత్రలున్నాయి. అది సుల్తానుల వైభవం. ఇరాన్‌లోని అర్దబీల్ కథ వేరు. అక్కడ షేక్ సఫీయుద్దీన్ దర్గాకు 1611లో షా అబ్బాస్ తన వెయ్యికి పైగా చైనా పాత్రలను వక్ఫ్ చేశాడు. వాటిపై వక్ఫ్ ముద్ర చెక్కించాడు. గోడల్లో గూళ్లు చేసి, వాటిని ఉంచే గదికి ‘చీనీ ఖానా’ అని పేరు పెట్టారు.

ఆ ముద్రలో షా తనను తాను దాసుడినని చెప్పుకున్నాడు. వక్ఫ్ చేసిన వస్తువు ఇక అమ్మేది కాదు, వారసులు పంచుకునేది కాదు. తర్వాత రాజవంశాలు మారాయి. 1828లో రష్యా సైన్యం దర్గా గ్రంథాలయంలోని విలువైన పుస్తకాలను తీసుకుపోయింది. అయినా 800కు పైగా పాత్రలు 20వ శతాబ్దం దాకా నిలిచాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు టెహరాన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ తరహా చైనా పాత్రలు చూడాలంటే మనకు దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో నీలి-తెలుపు పింగాణీ ఉంది. పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఆ అద్దాల బీరువాల ముందు కాసేపు ఆగి, మట్టి ఎక్కడిదో, నీలం ఎక్కడిదో చెప్పండి. అర్దబీల్ పాత్రల సంగతి కూడా చెప్పండి. గట్టిగా తగిలితే పగిలిపోయే వస్తువులు 400 ఏళ్లు నిలిచాయంటే, వాటిని అమానత్‌గా భావించి కాపాడిన చేతులు ఎన్నో ఉండి ఉంటాయి. వక్ఫ్ ఆస్తి ఏదైనా, అది మసీదు స్థలమైనా, ఖబరస్తాన్ అయినా, మన నుంచి కోరేది ఆ కాపలానే.