అద్దం మీద జారే బొట్టు

కారు అద్దానికి వాననీరు అంటకుండా రాసే ద్రావణం కొనేవాళ్లు ముందు చూసేది డబ్బా మీది బొమ్మనే. అందులో బొట్లు గుండ్రంగా, పొంగి నిలబడి ఉంటాయి. తలతన్యత పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి అడిగింది కూడా అదే: "బొట్టు ఎంత గుండ్రంగా ఉంటే మందు అంత మంచిదన్నట్టేనా సార్?" కాదు. ఎందుకు కాదో చెప్పడానికి ఆ పీరియడ్ చాలలేదు.

గాజుకు నీళ్లంటే మహా ఇష్టం. దాని ఉపరితలం నిండా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టి లాగుతాయి. అందుకే శుభ్రమైన గాజు మీద బొట్టు పడగానే పరుచుకుపోతుంది. బొట్టు అంచు గాజుతో చేసే స్పర్శకోణం కొద్ది డిగ్రీలే. ఆ హైడ్రాక్సిల్ సమూహాలను వేరే అణువులతో కప్పేస్తే కోణం 100 డిగ్రీలు దాటుతుంది.

ఈ కిటుకును మొదట పట్టుకున్నవాళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ రసాయనవేత్త వింటన్ ప్యాట్నోడ్ ఒకరు. మిథైల్ క్లోరోసిలేన్ల ఆవిరి తగిలితే చాలు, కాగితం, గుడ్డ, గాజు ఏదైనా నీటిని అంటించుకోదని చూపించి 1942లో పేటెంటు పొందారు. అయితే ఆ చర్యలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది, ఇంటి ముందు కారుకు రాసుకునే సరుకు కాదది. ఈ కిటుకును మామూలు జనం చేతికిచ్చింది హోవార్డ్ ఓల్‌హాసెన్. 1970ల తొలినాళ్లలో ఆయన యునెల్కో సంస్థ నుంచి వచ్చిన రెయిన్-ఎక్స్‌లో ఉన్నది సిలికోన్ నూనె, ఆల్కహాలు, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఆమ్లాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. సిలికోన్ గొలుసు గాజుతో బంధం కట్టేటప్పుడు అది ఉత్ప్రేరకం మాత్రమే.

తర్వాత పీపీజీ అనే అద్దాల కంపెనీ అక్వాపెల్‌తో బరిలోకి దిగింది. ఇందులో పని చేసేది ఫ్లోరిన్. ఒక చివర గాజును పట్టుకున్న అణువు, పైకి ఫ్లోరిన్ తొడిగిన కార్బన్ గొలుసు. ఎండకు, వైపర్ రాపిడికి ఇది ఎక్కువ కాలం ఆగుతుంది. సిలికోన్ వారాల లెక్క అయితే ఇది నెలల లెక్క. స్పర్శకోణంలో కూడా ఫ్లోరిన్‌దే కాస్త పైచేయి. బొమ్మల పోటీ పెడితే గెలుపు దానిదే.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఇంకో కోణం, నిజానికి రెండు కోణాలు. బొట్టున్న గాజుపలకను మెల్లగా వంచి పక్కనుంచి చూడండి. బొట్టు వెంటనే కదలదు. కింది అంచు ఉబ్బుతుంది, పై అంచు పలచబడుతుంది. ముందు కోణం పెరిగి, వెనక కోణం తగ్గి, ఆ తేడా ఒక హద్దు దాటాకే బొట్టు జారుతుంది. ఆ హద్దు ఎంత చిన్నదైతే అద్దం అంత మంచిది. బొట్టు ఎంత గుండ్రంగా ఉన్నా, హద్దు పెద్దదైతే అది కళ్లముందే తిష్ఠ వేస్తుంది.

పరిమాణం సంగతీ ఉంది. బొట్టు వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అద్దం పట్టు మాత్రం సగానికే తగ్గుతుంది. అందుకే కుండపోతలో అద్భుతంగా పనిచేసిన మందు తుంపరలో మొండికేస్తుంది. హైవే మీద గాలి ఆ చిన్న బొట్లను పైకి తోసేస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆ గాలి ఎక్కడిది?

ఈ జారుడులో సిలికోన్ గొప్పది. సిలికాన్, ఆక్సిజన్ వంతులవారీగా కూర్చిన ఆ గొలుసు అసాధారణంగా వదులైనది. దాదాపు మైనస్ 125 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే గాని బిగుసుకోదు. ఒక చివర గాజుకు కట్టుబడి, మిగతాదంతా ఏట్లో నాచుపోగులా ఊగుతుంటుంది. బొట్టు అంచుకు పట్టు దొరికేలోపే కింద ఆధారం కదిలిపోతుంది. ఫ్లోరిన్ గొలుసులు బిరుసుగా, నిటారుగా నిలుస్తాయి. 2016లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో వాంగ్, మెకార్తీ ఒక సిలేన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి గాజుకు పట్టించారు. రెండు కోణాల తేడా ఒక డిగ్రీకి మించలేదు. దినుసులు చూశారుగా, పాత రెయిన్-ఎక్స్‌కు దగ్గరి చుట్టమే!

తామరాకు మీద నీటిబొట్టులా 150 డిగ్రీలు తెప్పించవచ్చుగా అంటారు. తామరాకు మహిమ దాని సూక్ష్మమైన బుడిపెల్లో ఉంది. అద్దం మీద గరుకు తెస్తే వెలుతురు చెదిరి మసక కమ్మే ప్రమాదం ఉంది, ఆపైన వైపర్ ఆ బుడిపెలను బతకనివ్వదు.

ఇలాంటి మందుల్లోనే జపాన్ నుంచి గ్లాకో అనేదీ వచ్చింది, స్ప్రేలూ వచ్చాయి. ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో ఓ పట్టాన చెదరవని వాటిని కట్టడి చేయాలంటూ 2023 జనవరిలో ఐదు యూరప్ దేశాలు ప్రతిపాదన పెట్టాయి.

నన్నడిగితే, ఊళ్లో తిరిగే బండికి సిలికోన్ చాలు, తరచూ రాసుకోవాలి. రాత్రిళ్లు హైవే ప్రయాణాలు ఎక్కువైతే ఫ్లోరిన్. ఏది కొన్నా ముందు అద్దాన్ని తోమి ఒక మగ్గు నీళ్లు పోయండి. నీరు పొరలా పరుచుకుంటే గాజు సిద్ధం. చీలిపోతే జిడ్డో వాక్సో ఇంకా ఉన్నట్టే, మందు గాజును అందుకోలేదు. రాశాక వైపర్ టకటక అదిరితే, మిగిలిపోయిన మందును తుడిచేసి రబ్బరు చూసుకోండి. ఇంతకుముందు దాన్ని జార్చిన నీటి పొర ఇప్పుడు లేదు మరి. హెల్మెట్ వైజర్‌కు మాత్రం ఈ సీసా వద్దు. పాలికార్బొనేట్‌కు గాజులాంటి హైడ్రాక్సిల్ సమూహాలు లేవు, ప్లాస్టిక్ కోసం చేసినది విడిగా అడిగి తీసుకోవాలి.