కొండకు పోయే సంచిలో ఏముండాలి?

ఆశ్వయుజం, కార్తీకం వచ్చాయంటే గోరంట్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు తిరుపతికి బయలుదేరతారు. కదిరి, మదనపల్లె మీదుగా బస్సుల్లో పోతారు. కొందరు ధర్మవరం పోయి రైలెక్కుతారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయితే చార్జీ లేదని సంచుల మీద సంచులు సర్దుతారు. అవన్నీ మోసేది మళ్లీ ఆడవాళ్లే!

"మూడు దినాలకు ఆరు చీరలెందుకు?" అని అడిగితే, "వానొస్తే?" అంటారు. ఆ భయం నిజమే. కానీ వానొస్తే ఆరు చీరలూ తడుస్తాయి. ఎన్ని చీరలు అని కాదు, ఎట్లాంటి చీరలు అని చూసుకోవాలి.

గోరంట్లలో ఎండ కాస్తుంటే తిరుమలలో వాన పడుతుంటుంది. ఎందుకు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి వీస్తుంది. ఆ గాలి తిరుమల కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి వానగా కురుస్తుంది. మన దాకా వచ్చేసరికి గాలిలో తేమ తగ్గిపోతుంది. 2021 నవంబరులో కొండ మీద కుండపోత వాన కురిసింది. శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిన్నది. అందుకే ఊళ్లో ఆకాశం చూసి గుడ్డలు సర్దుకోరాదు.

మూడు దినాలకు మూడు చీరలు చాలు. ఒకటి కట్టుకోవాలి, రెండు పెట్టుకోవాలి. నూలు చీర చెమట పీలుస్తుంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు ఎక్కడానికి అదే సుఖం. కానీ నూలు దారం నీళ్లు తాగుతుంది. తడిస్తే తొందరగా ఆరదు. పాలిస్టర్ దారం నీళ్లు తాగదు. పిండి ఆరేస్తే గాలికే ఆరిపోతుంది. అందుకని రెండు రకాలూ ఉండాలి. అయితే కార్తీక దీపాలు పెట్టేటప్పుడు పాలిస్టర్ కట్టరాదు. నిప్పు తగిలితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. అప్పుడు నూలు చీరే కట్టాలి.

మూడు చీరలకూ నప్పే రంగు రవికెలు రెండుంటే చాలు. లంగాలు మాత్రం ఒకటి ఎక్కువే పెట్టుకోవాలి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేది లంగానే. నెలసరి గుడ్డలో, ప్యాడ్లో మరిచిపోరాదు. దర్శనానికి చీరే కట్టాలని లేదు. లంగా ఓణీ అయినా, చున్నీతో చుడీదార్ అయినా సరే.

"ధర్మవరం పట్టుచీర పెట్టుకోనా అత్తా?" అని కోడలు అడుగుతుంది.

"వద్దులేమ్మా! తడిస్తే యాడ ఆరేస్తావు?" అంటుంది అత్త.

అత్త మాటే సరైనది. పట్టు మీద నీళ్ల మరకలు పడతాయి. తడి తగిలితే జరీ నల్లబడుతుంది. పెళ్లికి పోయేదైతే వేరే మాట.

ఇక చలి సంగతి. తడిగుడ్డ ఒంటి మీదుంటే వణుకెందుకు వస్తుంది? నీళ్లు ఆరడానికి వేడి కావాలి. ఆ వేడిని ఒంట్లోంచి లాక్కుంటాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లే. చంటిబిడ్డలకు ఇది మరీ ప్రమాదం. తడిస్తే వెంటనే గుడ్డలు మార్చాలి. గుండు చేయించిన బిడ్డ తలకు చలి గాలి జివ్వున తగులుతుంది. తలకు కట్టను మెత్తని నూలు గుడ్డ గానీ, టోపీ గానీ తప్పక ఉండాలి. క్యూలో గంటల తరబడి కూర్చోవలసి రావచ్చు. బిడ్డకు ఒక జత గుడ్డలు చేతిలోనే ఉంచుకోవాలి.

పెద్దవాళ్లకు ఒక మందపాటి రగ్గు కన్నా పలుచని స్వెట్టరు, దాని మీద శాలువా మేలు. రెండింటి నడుమ నిలిచిన గాలి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. ఎండెక్కితే ఒకటి తీసేయవచ్చు. అదే శాలువా రాత్రికి దుప్పటి, పగలు దిండు.

తిరుమలలో ప్లాస్టిక్ కవర్లు వాడనివ్వరు. మందపాటి గుడ్డ సంచి గానీ, రెగ్జిన్ బ్యాగు గానీ తీసుకోవాలి. సర్దినాక దాన్ని ఎత్తుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగాలి. ఆయాసం వస్తే ఒక చీర తీసేయాలి. నడిచి ఎక్కేవాళ్లు సంచిని అలిపిరి దగ్గర ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు ఇస్తారు. దాని మీది నంబరు అక్కడే చదివి చూసుకోవాలి. ఒక చీటీ మీద పేరు, ఊరు, మండలం సొంత చేత్తో రాసి సంచి లోపల పెట్టుకోవాలి. అన్ని సంచులూ ఒకే తీరుగా కనిపించే చోట ఆ చీటీయే గుర్తు. డబ్బులు, ఆధార్ కార్డు సంచిలో పెట్టరాదు. ఒంటి మీదే ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో తడి గుడ్డలను పాత తువ్వాలులో విడిగా చుట్టుకోవాలి. ఇంటికి రాగానే ముందు వాటిని ఎండలో వేయాలి. అట్లే వదిలేస్తే నల్ల చుక్కలు పడతాయి. ఉతికినా ఒక పట్టాన పోవు.