సెల్లార్‌లో పది నిమిషాలు

వాన లేదు. మిట్టమధ్యాహ్నం. హబ్సిగూడ దాటి మెట్రో పిల్లర్ల పక్కనే ఉప్పల్ వైపు వెళ్తున్నాం. స్టీరింగ్ నా మేనల్లుడి చేతిలో ఉంది. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాడు, ఒక్క ప్రమాదం కూడా చేసినవాడు కాడు. యూటర్న్ దగ్గర కారు నెమ్మది చేసి, కుడికి తిరగబోతూ ఎడమ చేత్తో లివర్ కదిపాడు. ఇండికేటర్ పడలేదు, వైపర్లు లేచాయి. దుమ్ము పట్టిన పొడి అద్దం మీద కర్రుకర్రుమంటూ అటూ ఇటూ తిరిగి, కళ్ల ముందు రెండు బూడిదరంగు విసనకర్రలు గీశాయి.

"మామా, ఇదేంది?" అంటూ తల దించి చూశాడు. ఆ రెండు సెకన్లలో కారు కుడికి జరుగుతూనే ఉంది. మేం తిరుగుతున్నామని వెనకొచ్చే బైకతనికి ఎలా తెలుస్తుంది? గట్టిగా బ్రేకు కొట్టి, కాలు నేలకు ఆనించి, మా అద్దానికి జానెడు దూరంలో ఆగాడు. హెల్మెట్ అద్దం పైకెత్తి మా వాడి మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది. ఆ చూపు మా వాణ్ని రాత్రి దాకా వదల్లేదు.

అల్లుడికి డ్రైవింగ్ బాగా వచ్చు. చేతులే ఇంకా న్యూజెర్సీలో ఉన్నాయి. ఏటా డిసెంబరు, జనవరిలో నాచారం, హెచ్‌ఎంటీ నగర్, ఉప్పల్ కాలనీల్లోని ఎన్నో ఇళ్లకు విదేశాల నుంచి పిల్లలు దిగుతారు. దిగిన మర్నాడే తమ్ముడి కారో, బావ కారో అడిగి తీసుకుంటారు. అందరూ ట్రాఫిక్ గురించే భయపడతారు. నన్నడిగితే ముందు భయపడాల్సింది మన చేతులూ కాళ్లూ పాత అలవాటు కొద్దీ చేసే పనులకే. అందుకే మా ఇంటికి ఎవరొచ్చినా ఒక్కటే అడుగుతాను: కారు రోడ్డెక్కే ముందు సెల్లార్‌లో పది నిమిషాలు ఊరికే కూర్చో.

లైసెన్సు మాట ముందే చెప్పేస్తాను. అక్కడి లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా బయలుదేరే ముందే తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘంవాళ్లు ఇస్తారు, ఏడాది చెల్లుతుంది.

ఇక ఇండికేటర్. మారుతి, హ్యుందాయ్, టాటా బళ్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కు కుడివైపు, వైపర్ ఎడమవైపు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా మాత్రం ఐరోపా పద్ధతినే ఉంచుకున్నాయి. వాటిలో అమెరికాలో లాగే ఇండికేటర్ ఎడమవైపే. అంటే ఒకే సెల్లార్‌లో పక్కపక్కన నిలబడ్డ రెండు కార్లు రెండు రకాలుగా ఉండొచ్చు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఇరవై సార్లు కుడి, ఎడమ వేయండి. టిక్ టిక్ చప్పుడు చెవిన పడాలి. తలతో గుర్తుపెట్టుకున్నది జంక్షన్‌లో గాబరా పడితే మర్చిపోతాం, వేళ్లకు పట్టుబడింది పోదు. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ల వరస మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే. అదొక్కటే మనకు పెద్ద ఊరట.

అద్దాల్లో చాలామంది గమనించని తేడా ఒకటుంది. అమెరికాలో డ్రైవరు వైపు అద్దం చదునుగా ఉండాలని అక్కడి నిబంధన. అద్దంలో కనిపించేవి ఇంకా దగ్గరున్నాయనే హెచ్చరిక అక్కడ రెండో వైపు అద్దం మీదే ఉంటుంది. ఇక్కడ మామూలుగా రెండు అద్దాలూ కుంభాకారమే. ఎక్కువ మేర చూపిస్తాయి, కానీ ప్రతి బండినీ చిన్నగా, దూరంగా చూపిస్తాయి. కుడి అద్దంలో దూరంగా ఉందనుకున్న బస్సు నిజానికి మన డోరు దాకా వచ్చేసి ఉంటుంది. ఆ అద్దాన్ని నమ్మి లేన్ మారేవాళ్లను చూస్తే నాకు గుండె దడ పుడుతుంది. లోపలి అద్దంలో ఒకసారి చూసి, భుజం మీదుగా తల తిప్పి చూసి, అప్పుడు మారండి.

ఎడమవైపు కూర్చుని నడిపే అలవాటున్నవాళ్లు ఇక్కడ కుడి సీట్లోకి మారగానే కారును తెలియకుండానే ఎడమకు ఒరగేస్తారు. నాచారం మెయిన్ రోడ్డులో ఆ ఎడమ అంచునే ఆటోలు, తోపుడుబళ్లు, డోరు తీసుకుని దిగేవాళ్లు ఉంటారు. దీనికి ఒక గుర్తు చెబుతాను. దాదాపు ఏ దేశంలోనైనా డ్రైవరు రోడ్డు మధ్య గీతకు దగ్గరగానే కూర్చుంటాడు. ఇక్కడ డివైడర్ మీ కుడి భుజం పక్కన ఉంటే కారు సరైన చోట ఉన్నట్టే. దిగేటప్పుడు కుడి డోరును ఎడమ చేత్తో తీయండి. అలా తీయాలంటే ఒళ్లు తిరగాలి, ఒళ్లు తిరిగితే కళ్లు వెనక్కి చూస్తాయి. నెదర్లాండ్స్‌లో సైకిళ్లవాళ్లను కాపాడుకోవడానికి దీన్ని ఎప్పటినుంచో నేర్పుతున్నారు. మనకు సైకిళ్ల చోట బైకులు.

డిప్పర్ దగ్గర భాషే మారిపోతుంది. అమెరికాలో చాలాచోట్ల ఎదుటివాడు ఒకసారి లైటు కొడితే మీరు వెళ్లండని మర్యాద చేసినట్టు. ఇక్కడ నేనొస్తున్నా, ఆగమని చెప్పినట్టు. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డులో బోడుప్పల్, నారపల్లి వైపు వెళ్తుంటే, 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఎలివేటెడ్ కారిడార్ పనుల వల్ల రోడ్డు ఇరుకైన చోట్ల, ఎదురుగా లారీ డిప్పర్ కొట్టడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. దాన్ని దారి ఇచ్చినట్టు అర్థం చేసుకుని ముందుకు దూకితే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయం. లైటు కొడితే ఆగండి, ఎదుటి బండి పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే కదలండి.

వీధిదీపాలున్న రోడ్డులో హై బీమ్ అక్కర్లేదు. మీటర్ల దగ్గర నీలం దీపం వెలుగుతోందంటే ఎదుటివాడికి కళ్లు కనబడటం లేదని గుర్తు. ఇంకొకటి, కుడి మోకాలి దగ్గర సున్నా నుంచి మూడో నాలుగో అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది చూశారా? సొంతంగా కారున్నవాళ్లలోనే దాన్ని ఎన్నడూ ముట్టనివాళ్లు ఎక్కువ. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సూట్‌కేసులు ఉంటే కారు వెనక్కి కుంగి లైట్లు పైకి లేస్తాయి. అంకె పెంచుతూ పోతే వెలుగు కిందికి దిగుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే రాత్రి దాని అవసరం చాలా ఉంది.

నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే మీటను ఇక్కడ చాలామంది పార్కింగ్ లైట్లు అంటారు. జంక్షన్‌లో నేరుగా వెళ్లాలన్నా, జోరువానలోనైనా అవే వేసేస్తారు. చాలా కార్లలో అవి వెలుగుతుండగా కుడి, ఎడమ ఇండికేటర్ పనిచేయదు. మీరెటు తిరుగుతారో వెనకవాడికి ఇక తెలియదు. కారు ఆగిపోతేనో, లాక్కెళ్తుంటేనో తప్ప ఆ ఎర్ర త్రికోణం జోలికి వెళ్లకండి. హారన్ సంగతికి వస్తే, ఇక్కడ అది తిట్టు కాదు, కబురు. ఒక్కసారి చిన్నగా చాలు. నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రి దగ్గర అదీ వద్దు, ఆస్పత్రుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది గేర్ల సంగతి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆటోమేటిక్ అంటే పి, ఆర్, ఎన్, డి. ఆగగానే పి లో వేసి దిగిపోవడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. 2014లో మారుతి సెలెరియోతో మొదలుపెట్టి ఇక్కడ చవకలో వచ్చిన ఆటోమేటిక్‌లు చాలావరకు ఏఎంటీలు. లోపల ఉండేది మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. చాలా ఏఎంటీలలో పి అనేదే ఉండదు. ఆర్, ఎన్, డి ఉంటాయి. న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు మర్చిపోయి దిగితే, సెల్లార్ ర్యాంప్ మీద కారు దానంతటదే కిందికి నడుస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక సాయంత్రం అలాగే ఒక కారు వెనక్కి జారి, వాచ్‌మన్ పిల్లలు ఆడుకునే స్తంభానికి తగిలి ఆగింది. పిల్లలు అప్పుడే లోపలికి వెళ్లారు. ఆ స్తంభం మీద సున్నం రాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. కారు పెట్టడానికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు దానిమీదికే వెళ్తాయి.

బ్రేకు మీద కాలుంచే హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. పి ఉన్న కారైనా ఇదే పని చేయండి. పి లేని కారును గేరులో ఉంచి ఇంజిన్ ఆపండి. బ్రేకు మీంచి కాలు మెల్లగా తీసి, కారు కదలట్లేదని చూసుకుని దిగండి. ర్యాంప్ ఎక్కేటప్పుడు ఏఎంటీ కొన్ని క్షణాలు వెనక్కి జారొచ్చు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్ బ్రేకు వదలండి. 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు వెనక సెన్సర్లు ఉండాలని రూలు. కానీ సెన్సరు పొట్టి రాయిని, కింద కూర్చున్న పిల్లవాణ్ని పట్టుకోకపోవచ్చు. దిగి ఒకసారి వెనక్కి చూసి రావడానికి అర నిమిషం పట్టదు.

యూటర్న్ దగ్గర గండం తప్పిన ఆ రోజు సాయంత్రం అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టుకోమన్నాను. "నాకెందుకురా, నేను వెనకే కదా" అంది. చూస్తే బకిల్ కనిపించనే లేదు. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు అది కవరు కిందికి పోయింది. సీటు సందులోకి చేయి పెట్టి వెతికితే ముందు ఒక చాక్లెట్ కాగితం, ఒక రెండు రూపాయల బిళ్ల వచ్చాయి, తర్వాత బకిల్ అంచు తగిలింది. కవరు కుట్టు నాలుగంగుళాలు విప్పి బయటికి లాగాను. కొన్న రోజు నుంచీ ఎవరూ వాడని బెల్టు అది, తళతళలాడుతోంది.

వెనక సీటుకూ బెల్టు తప్పనిసరి. 2019 సవరణ తర్వాత పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండాలి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండా. మా నాచారానికి దగ్గరి దుఃఖం ఇంకొకటుంది. ఇక్కడ రామకృష్ణ స్టూడియో కట్టించిన ఎన్టీఆర్ కుమారుడు హరికృష్ణ, తండ్రి చైతన్య రథాన్ని ఊరూరా నడిపిన మనిషి, 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర సొంతంగా కారు నడుపుతూ ప్రమాదానికి గురై కన్నుమూశారు. బెల్టు పెట్టుకోలేదని, నీళ్ల సీసా కోసం వంగినప్పుడు అదుపు తప్పిందని అప్పటి వార్తలు. అంత అనుభవమున్న చేతులవి. అప్పటినుంచి నా కారులో నీళ్ల సీసా డోరు అరలోనే, కాళ్ల దగ్గర ఎప్పుడూ కాదు. బ్రేకు కిందికి దొర్లిన సీసా బ్రేకును తొక్కనివ్వదు కూడా.

పిల్లల సీటు అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా కార్లలో వెనక బెల్టును చివరిదాకా లాగితే బిగిసిపోయే ఏర్పాటు ఉంటుంది, అక్కడి సీట్లను దాని మీద భరోసాతో తయారుచేస్తారు. ఇక్కడి చాలా కార్లలో అది లేదు. కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయేమో చూడండి, లేకపోతే బెల్టు బిగించే క్లిప్పు వెంట తెచ్చుకోండి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద దేవుడి విగ్రహం అంటించి ఉంటే, దండం పెట్టుకుని పక్కకు మార్చండి. బ్యాగు తెరుచుకునే వేగానికి ఆ విగ్రహం మనిషి మొహంలోకి వస్తుంది. మా అక్క మొదట ఒప్పుకోలేదు. వేంకటేశ్వరస్వామిని మధ్యలో మీటర్ల పక్కకు తెచ్చాక, "ఇప్పుడు అందరికీ కనబడుతున్నాడు" అంది.

వానాకాలంలో వచ్చేవాళ్లు అద్దం మసకబారితే కంగారుపడకండి. తేమ లోపలుందో, బయటుందో వేలితో తాకి చూడండి. లోపలైతే ఏసీ గాలిని ముందు అద్దానికి తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. బయటైతే ఒకసారి వైపర్ వేసి, అద్దానికి చల్లగాలి తగ్గించండి. 2020 అక్టోబరు 13, 14 వానలకు హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు మునిగిన రోజులు మేం మర్చిపోలేదు. రోడ్డు మీద నీళ్లెంత లోతో తెలియకపోతే కారును అందులోకి దింపొద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, లోపలికి చేరిన నీరు ఇంజిన్‌ను విరిచేస్తుంది. డోరు అద్దాలు మోటారుతో దిగేవి, తడిస్తే మొరాయించవచ్చు. కరెంటు ఉండగానే దించుకుని బయటపడాలి.

ఇంకో విషయం, గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే శంషాబాద్‌లో దిగుతాయి. ఆ రోజు మీరు నడపకండి. కొత్త చేతులకు నిద్ర కళ్లు కూడా తోడు కావద్దు.

ఆ వారం ఆదివారం పొద్దున ఆరున్నరకు అల్లుణ్ని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు తీసుకెళ్లాను. ఫ్యాక్టరీల గేట్లు మూసి ఉన్నాయి, లారీలు నిద్రపోతున్నాయి. అక్క వెనక బెల్టు పెట్టుకుని కూర్చుంది. మొదటి మలుపులో వైపర్ లేచింది. రెండో మలుపులో ఎడమ చేయి సగం దూరం వెళ్లి ఆగి, వెనక్కొచ్చింది. నేనేమీ అనలేదు. ఐదో మలుపు దగ్గర వాడు అద్దంలో చూసి, తల తిప్పి చూసి, ఏదో ఆఫీసు మాట చెబుతూనే కుడి చేతి వేలితో లివర్ దించాడు. టిక్ టిక్ టిక్. వాడు గమనించలేదు. మాట కూడా ఆపలేదు.